మూడు గోతాల డెడ్ బోర్డులు, ఒక బకెట్ బ్యాటరీలు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కోదాడ. బస్టాండ్ దగ్గర తొమ్మిదేళ్లుగా మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. ముందు గది షాపు, వెనక మా ఇల్లు. అటక మీద మూడు గోతాల నిండా డెడ్ బోర్డులు (పాడైన ఫోన్ల సర్క్యూట్ బోర్డులు), పగిలిన డిస్‌ప్లేలు, పాత చార్జర్లు ఉన్నాయి. ఉబ్బిన బ్యాటరీలు కూడా అక్కడే ఒక పెయింట్ బకెట్‌లో పడేస్తుంటాను. మూడు నెలలకోసారి ఒకతను వచ్చి బోర్డులు మాత్రం కిలో లెక్కన కొనుక్కుపోతాడు, మిగతావి వద్దంటాడు. పోయిన వారం ఎవరో ఇద్దరొచ్చి, కొత్త ఈ-వేస్ట్ చట్టం ప్రకారం నీకు రిజిస్ట్రేషన్ లేదు, లక్ష రూపాయల ఫైన్ పడుతుంది, పాతిక వేలిస్తే మేమే సర్టిఫికెట్ చేయించి పెడతాం అన్నారు. అప్పట్నుంచీ నిద్ర పట్టట్లేదు. మా మామయ్యేమో అవన్నీ రాత్రిపూట తీసుకెళ్లి చెరువు కట్ట కింద పారేసి రమ్మంటున్నాడు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. నేను నిజంగా తప్పు చేస్తున్నానా? ఏం చేయమంటారు?
– ఒక తమ్ముడు, కోదాడ

తమ్ముడూ,

ముందు ఒక్క మాట. ఆ పాతిక వేలు ఇవ్వకు. ఇప్పటికే అడ్వాన్సు కింద ఏమైనా ఇచ్చి ఉంటే ఇక మీదట పైసా ఇవ్వకు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. మామయ్య చెప్పినట్టు చెరువు కట్ట దగ్గరికి కూడా వెళ్లకు. ఈ రెండూ చేయకుండా ఆగితే చాలు, మిగతాది నిదానంగా చక్కబెట్టుకోవచ్చు. ఒక్క బ్యాటరీల బకెట్ సంగతి మాత్రం నిదానంగా కాదు, దాని దగ్గరికి కాసేపట్లో వస్తాను.

ఎందుకు ఇవ్వొద్దంటున్నానో చెప్తాను. ఇప్పుడు మన దేశంలో అమల్లో ఉన్నవి ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022. ఆ ఏడాది నవంబరు 2న నోటిఫై చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. వాటి ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సింది నాలుగు రకాల వాళ్లు: వస్తువు తయారుచేసేవాళ్లు, దాన్ని తమ బ్రాండ్ మీద లేదా దిగుమతి చేసుకుని అమ్మే ఉత్పత్తిదారులు, పాతవి బాగుచేసి మళ్లీ అమ్మే రీఫర్బిషర్లు, రీసైక్లర్లు. నిన్ను వాళ్లు రీఫర్బిషర్ కింద లెక్కగట్టి భయపెట్టి ఉంటారు. కానీ ఆ నిర్వచనం చివరిదాకా చదివితే, బాగుచేయడంతో పాటు దాన్ని మార్కెట్లో అమ్మడం అనే మాట కూడా ఉంది. కస్టమరు తెచ్చిన ఫోన్‌కి చార్జింగ్ పిన్ మార్చి అతని ఫోన్ అతని చేతిలో పెట్టడం అమ్మకం కాదు కదా. సరే, నువ్వు అప్పుడప్పుడూ సెకండ్ హ్యాండ్ ఫోన్లు కొని బాగుచేసి అమ్ముతుంటావనే అనుకుందాం (చాలా షాపుల్లో జరిగేదే). అప్పుడు కూడా ఆ నిబంధనల్లో రెండో నిబంధన చూడు, ఎంఎస్ఎంఈ చట్టం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం) కింద సూక్ష్మ సంస్థలకు ఇవి వర్తించవని స్పష్టంగా రాసి ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ అంటే పెట్టుబడి రెండున్నర కోట్ల లోపు, ఏడాది టర్నోవర్ పది కోట్ల లోపు. కోదాడ బస్టాండ్ దగ్గర ముందు గదిలో నడిచే షాపు దాంట్లోకి రాకుండా ఎలా పోతుంది?

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే నీది సూక్ష్మ సంస్థ అని చూపే ప్రభుత్వ నమోదు, అదింకా లేకపోతే. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్, పాన్ పెట్టి మనమే చేసుకోవచ్చు, ఫీజు ఏమీ లేదు. ఆ సర్టిఫికెట్ ప్రింట్ తీసి కౌంటర్ వెనక గోడకి తగిలించు. రేపు ఎవరొచ్చినా "మాది సూక్ష్మ సంస్థ, ఇదిగో కాగితం" అని చూపించొచ్చు.

ఇంకో సంగతి. ఫైన్ అనే మాటతోనే కదా నీ గుండె జారింది. ఈ నిబంధనలన్నీ 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చినవి. ఆ చట్టంలో ఇదివరకు జైలు శిక్ష ఉండేది. 2023లో జన్ విశ్వాస్ చట్టం తెచ్చి జైలు స్థానంలో పెనాల్టీ పెట్టారు, పదివేల నుంచి పదిహేను లక్షల దాకా, 2024 ఏప్రిల్ 1 నుంచి. అంకె వింటే భయమేస్తుంది, నిజమే. కానీ ఆ పెనాల్టీ వేయాల్సింది దానికోసం నియమించిన అధికారి. కేంద్రంలో జాయింట్ సెక్రటరీ, రాష్ట్రంలో సెక్రటరీ స్థాయికి తగ్గకూడదు. నోటీసు ఇవ్వాలి, నీ మాట వినాలి, ఆ తర్వాతే ఏదైనా. కౌంటర్ ముందు నిలబడి నగదు అడిగే పద్ధతి ఆ చట్టంలో ఎక్కడా లేదు. నిజంగా రిజిస్ట్రేషన్ అవసరమైన కంపెనీలు కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే చేసుకుంటాయి, మధ్యలో మనుషులు ఇంటికి రారు. ఆ ఇద్దరూ మళ్లీ వస్తే గుర్తింపు కార్డు చూపించమను, చెప్పేదేదో కాగితం మీద రాసివ్వమను, నల్గొండలో ఉన్న కాలుష్య మండలి ప్రాంతీయ కార్యాలయంలో కనుక్కుని చెప్తానను. నిజంగా ప్రభుత్వోద్యోగి అయ్యుండి డబ్బు అడిగితే ఏసీబీ నంబరు 1064 ఉంది. బయటివాళ్లయితే పోలీస్ స్టేషన్. నువ్వు ఒక్కడివే కాకుండా పక్క షాపుల వాళ్లని కూడా అడుగు, వాళ్ల దగ్గరికీ వచ్చి ఉంటారు.

ఇంత చెప్పాను కదా అని, సూక్ష్మ సంస్థని కాబట్టి నాకే చట్టమూ అంటదు అనుకోకు. మినహాయింపు ఈ-వేస్ట్ నిబంధనల నుంచి మాత్రమే. చెరువులో పారేస్తే నీటి కాలుష్య చట్టం 1974ది ఉంది, వైర్లు కాలిస్తే గాలి చట్టం 1981ది ఉంది, వాటికి షాపు చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు. బ్యాటరీలకైతే వేరే నిబంధనలే ఉన్నాయి.

ఇక ఆ బకెట్. ఈ లెటర్ చదవడం పూర్తయ్యాక కాదు, చదువుతూ చదువుతూనే లేచి వెళ్లి దాన్ని అటక మీద నుంచి దించు. పెయింట్ బకెట్ అంటే ప్లాస్టిక్‌దే అయ్యుంటుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీలు ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాని కాంటాక్టు ఇంకోదానికి తగిలి, ఎండాకాలంలో రేకుల కింద వేడెక్కితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు, రిపేర్ చేసేవాడివి, ఒక్కసారైనా చేతిలో పొగ వచ్చిన బ్యాటరీని చూసే ఉంటావు. ఒకటి అంటుకుంటే బకెట్ మొత్తం అంటుకుంటుంది. కింద మీ పాప పడుకుంటుంది. ఇనుప బకెట్ ఒకటి తీసుకో, అడుగున నాలుగు వేళ్ల మందం పొడి ఇసుక పొయ్యి. ఒక్కో బ్యాటరీ కాంటాక్టుల మీద ఇన్సులేషన్ టేప్ అంటించి, విడివిడిగా పెట్టి, మధ్యలో మళ్లీ ఇసుక వెయ్యి. ఉబ్బినదాన్ని నొక్కకు, గాలి తీద్దామని సూదితో పొడవకు. బకెట్ ఇంట్లో వద్దు, ఎండ తగలని చోట బయట గోడ పక్కన, పాప చేతికి అందని ఎత్తులో. మున్సిపాలిటీ చెత్త బండిలో మాత్రం వెయ్యకు, ఆ బండిలో చెత్తని నొక్కుతారు, అక్కడ అంటుకుంటే ప్రమాదం ఆ బండి మీద పనిచేసే మనిషికి.

బ్యాటరీల మీద 2022 ఆగస్టులో వచ్చిన నిబంధనల్లో వాడకందారుడికి కూడా ఒక బాధ్యత పెట్టారు: పాడైన బ్యాటరీని మామూలు చెత్తలో కలపకూడదు, సేకరించేవాళ్లకో, రీసైకిల్ చేసేవాళ్లకో ఇవ్వాలి. పూడ్చిపెట్టడం, కాల్చేయడం రెండూ కుదరవు. వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత తయారుచేసిన కంపెనీది. పెద్ద బ్రాండ్ల సర్వీస్ సెంటర్లలో పాత ఫోన్లకీ బ్యాటరీలకీ పెట్టెలు పెడుతున్నారు. సూర్యాపేటకో ఖమ్మానికో స్పేర్ల కోసం వెళ్లేటప్పుడు ముందు ఫోన్ చేసి, తీసుకుంటారంటేనే పట్టుకెళ్లు. బస్సులో మాత్రం సంచి నిండా వేసుకుని వెళ్లొద్దు, కొన్ని కొన్నిగా, టేప్ వేసి.

ఇప్పుడు నీ గోతాల సంగతి. నువ్వు తప్పు చేస్తున్నావా అని అడిగావు. చట్టం దృష్టిలో పెద్ద తప్పేమీ చేయలేదు. కానీ నువ్వు అమ్మిన బోర్డు ఎక్కడికి పోతుందో నీకు తెలియదు. నీ ఉత్తరంలో నన్ను ఆపింది అదే.

కొంచెం వెనక్కి వెళ్లాలి. మన దగ్గర ఈ-వేస్ట్ మీద విడిగా నిబంధనలు మొదట 2011లో వచ్చాయి, 2012 మే నుంచి అమలు. 2016లో మార్చారు, 2022లో మళ్లీ మార్చారు. అప్పట్లో 21 రకాల వస్తువులు ఉన్న జాబితా ఇప్పుడు 106కి పెరిగింది, ఫోన్లు, టీవీలే కాకుండా బొమ్మలు, వైద్య పరికరాలు, సోలార్ ప్యానళ్లు కూడా వచ్చి చేరాయి. అన్నిటికీ మూల సూత్రం ఒక్కటే: వస్తువు అమ్మి లాభం తీసుకున్న కంపెనీయే దాని చావు ఖర్చు కూడా భరించాలి. దీన్నే ఈపీఆర్ అంటారు. కంపెనీ కొన్నేళ్ల కింద అమ్మిన వస్తువులు ఇప్పుడు ఎన్ని టన్నులు చెత్తగా మారతాయో లెక్కగట్టి, దాంట్లో ఇంత శాతం రీసైకిల్ అయినట్టు చూపించాలి. 2023-24, 2024-25కి 60 శాతం, 2025-26, 2026-27కి 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం. కంపెనీ తానే వచ్చి నీ అటక మీద గోతం మోసుకెళ్లదు. రిజిస్టరైన రీసైక్లరు ఆ పని చేసి, పోర్టల్‌లో సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు, కంపెనీ ఆ సర్టిఫికెట్ కొనుక్కుంటుంది. సర్టిఫికెట్ లెక్క బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాల మీద నడుస్తోంది. 2024లో గృహోపకరణాల లాంటి వాటికి రీసైక్లరుకి కిలోకి కనీసం 22 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం ఒక రేటు పెడితే, కొన్ని పెద్ద కంపెనీలు అది చాలా ఎక్కువని ఢిల్లీ హైకోర్టుకెళ్లాయి. నువ్వు వద్దనుకుని అటకెక్కించిన చెత్త మీద కోర్టు దాకా అంత పెద్ద వాదన వెళ్లిందన్నమాట.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. కంపెనీ ఉంది, రీసైక్లరు ఉన్నాడు, మధ్యలో పోర్టల్ ఉంది. కానీ నీ షాపు నుంచి రీసైక్లరు గేటు దాకా ఉన్న దారిలో చట్టం చాలా పలచగా ఉంది. 2016 నిబంధనల్లో సేకరణ కేంద్రాలకు, విడదీసేవాళ్లకు విడిగా ఒక స్థానం ఉండేది, 2022లో రిజిస్ట్రేషన్ జాబితాలోంచి వాళ్లు పోయారు. మూడు నెలలకోసారి నీ దగ్గరికి వచ్చే అతను ఆ దారిలోనే నడుస్తున్నాడు. నిజానికి దేశంలో ఈ చెత్తలో ఎక్కువ భాగం అతని లాంటి వాళ్ల భుజాల మీదే కదులుతోంది. కేంద్ర కాలుష్య మండలి లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో దాదాపు 16 లక్షల టన్నుల ఈ-వేస్ట్ వస్తే, అధికారికంగా సేకరించి ప్రాసెస్ చేసింది 5 లక్షల 27 వేల టన్నులు. మిగతాదంతా ఎటు పోయింది?

కొంత అటకల మీదే ఉంటుంది, నీ గోతాల్లా. మిగతాది ఎటు పోతుందో కొంత నేను చూశాను. కొన్నేళ్ల కింద మేముండే వీధి చివర ఖాళీ ప్లాటు ఒకటుండేది. సాయంత్రం చీకటి పడే వేళ ఇద్దరు ముగ్గురు అక్కడికి వైర్లు, చార్జర్ల కట్టలు తెచ్చి కుప్పపోసి, ఒక టైరు ముక్క వేసి అంటించేవాళ్లు. మంట అంచున ఆకుపచ్చ రంగు కనిపించేది, రాగి కాలితే వచ్చే రంగు అది. పొగ నల్లగా కిందకే పాకేది, గొంతులో చేదు దిగేది, మా వీధిలో వాళ్లం కిటికీలు మూసుకుని ఊరుకునేవాళ్లం. ఒకరోజు దగ్గరికెళ్లి చూశాను. మంట ఆరిపోయాక బూడిదలోంచి రాగి తీగ లాగుతున్నది పన్నెండేళ్లు కూడా నిండని పిల్లాడు. చేతులకి ఏమీ లేవు, మూతికి గుడ్డ కూడా లేదు. తీగని నేలకేసి కొట్టి మసి దులిపి సంచిలో వేసుకుంటున్నాడు. ఆ వైర్ల మీద ఉండేది పీవీసీ, అది రాగితో కలిసి అలా కాలితే డయాక్సిన్లు అనే విషాలు వస్తాయి, అవి ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి పోవు. ఆ పిల్లాడికి అవన్నీ ఎవరు చెప్పాలి? ఎవరం చెప్పలేదు.

బోర్డుల కథ ఇంకా దారుణం. ఢిల్లీలో సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లో మొరాదాబాద్ ఈ పనికి పేరుపడ్డ ఊళ్లు, దేశం నలుమూలల నుంచీ పాత బోర్డులు అక్కడికి చేరతాయి. నువ్వు హాట్ గన్‌తో ఐసీ (చిప్పు) లేపినట్టు అక్కడ పొయ్యి మీద బోర్డు పెట్టి చిప్పులన్నీ లేపుతారు. మిగిలిన బోర్డుని కాల్చి పొడి చేస్తారు, లేకపోతే యాసిడ్ డ్రమ్ముల్లో నానబెట్టి బంగారం, రాగి తీస్తారు, ఆ యాసిడ్ నీళ్లు కాలువలోకి. మొరాదాబాద్‌లో రామగంగ నది ఒడ్డున పోసిన నల్ల బూడిద మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా కేసు వెళ్లింది. ఇంత కష్టపడి వాళ్లు తీసే బంగారంలో సగం యాసిడ్‌లోనే పోతుందేమో అనిపిస్తుంది నాకు. ఒక టన్ను గని రాయిలో కొన్ని గ్రాముల బంగారం దొరికితేనే గొప్ప, ఒక టన్ను పాత ఫోన్లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. సరిగ్గా తీస్తే అది దేశానికి ఆస్తి. మన హైదరాబాద్‌లోనే, చర్లపల్లిలో ఉన్న సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈ బోర్డుల్లోంచి లోహాలు సురక్షితంగా తీసే పద్ధతుల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. పద్ధతి ఉంది, సరుకూ ఉంది. రెండూ ఒకచోటికి చేరడం లేదు.

అలాగని మీ దగ్గరికొచ్చే అతన్ని తరిమేయకు. అతను దొంగ కాదు, అతని కష్టం అతనిది. ఈసారి వచ్చినప్పుడు టీ ఇప్పించి అడుగు. అన్నా, ఇవి ఎక్కడికి పోతాయి, ఎవరికి వేస్తావు, వాళ్లు రిజిస్టరైన రీసైక్లరేనా, బిల్లు ఏమైనా ఇస్తారా అని. చెప్పగలిగితే, విప్పకుండా కాల్చకుండా బోర్డులు బోర్డుల్లాగే రీసైక్లరుకి చేరుస్తున్నానంటే, నిరభ్యంతరంగా అతనికే ఇవ్వు. ఈ-వేస్ట్ విడదీసి రీసైకిల్ చేసే పనివాళ్లని గుర్తించి, నమోదు చేసి, శిక్షణ ఇవ్వాలని అవే నిబంధనలు రాష్ట్ర కార్మిక శాఖకి చెప్పాయి. ఎన్ని ఊళ్లలో జరిగిందో నాకు కనిపించలేదు. జరగాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను. సమాధానం చెప్పకుండా దాటేస్తే, ఇంకో దారి చూసుకోవాలి.

ఆ ఇంకో దారి ఏమిటంటే, నీ ఒక్కడి మూడు గోతాల కోసం హైదరాబాద్ నుంచి ఏ రీసైక్లరూ బండి పంపడు, డీజిల్ ఖర్చు కూడా రాదు. కానీ కోదాడలో నీలాంటి షాపులు ఎన్ని ఉన్నాయి? ఇరవై ముప్పై మంది కలిస్తే ఆరు నెలలకి కొన్ని వందల కిలోలవుతుంది. అప్పుడు ఫోన్ చేస్తే వస్తాడు, రేటు కూడా మాట్లాడొచ్చు. రిజిస్టరైన రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య మండలి ఈ-వేస్ట్ పోర్టల్‌లో రాష్ట్రాల వారీగా ఉంటుంది. అందులో పేరు ఉందో లేదో చూసుకో, రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, తూకం అయ్యాక రసీదు తీసుకో. విజిటింగ్ కార్డు మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసుకున్న ప్రతివాడూ రీసైక్లరు కాడు. మీ మొబైల్ షాపుల అసోసియేషన్ ఉంటే ఈ మాట అక్కడ కదుపు. లేకపోతే వాట్సాప్ గ్రూపు చాలు. అసోసియేషన్‌గా వెళ్లి మున్సిపల్ కమిషనర్‌ని కూడా ఒక మూల గది అడగొచ్చు, ఎందుకంటే చెత్తలో కలిసే ఈ-వేస్ట్‌ని, ఎవరివో తెలియని అనాథ సరుకుని వేరుచేసి రీసైక్లరుకి చేర్చే బాధ్యతని అవే నిబంధనలు స్థానిక సంస్థల మీద పెట్టాయి. అడిగితే ఇస్తారని హామీ ఇవ్వలేను, అడిగే హక్కు మాత్రం మీకుంది.

డిస్‌ప్లేలు ఎవరూ కొనరని రాశావు. కొనరు, ఎందుకంటే సర్టిఫికెట్ వచ్చే నాలుగు లోహాలు వాటిలో పెద్దగా లేవు. ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం, విలువున్నదాన్ని లాక్కోవడానికి అందరూ ఉన్నారు, గాజు, ప్లాస్టిక్ ఎవరికీ పట్టవు. నువ్వు చేయగలిగిందల్లా, రీసైక్లరుతో మాట్లాడేటప్పుడే బోర్డులతో పాటు డిస్‌ప్లేలు, చార్జర్లు కూడా మొత్తంగా తీసుకుంటేనే ఇస్తామని చెప్పడం. వాటిల్లో పైన గ్లాస్ మాత్రమే పగిలి లోపల కాంబో (టచ్, తెర కలిసిన భాగం) పనిచేస్తున్న ఒరిజినల్ డిస్‌ప్లేలుంటే వేరే పెట్టుకో, ఓసీఏ మెషిన్ (గ్లాస్ అంటించే యంత్రం) మీద గ్లాస్ మార్చేవాళ్లు కొంటారు, సికింద్రాబాద్ వెళ్లినప్పుడు అడుగు. పాత ల్యాప్‌టాప్ స్క్రీన్లు ఏవైనా ఉంటే మాత్రం విరగ్గొట్టకు, ఎల్ఈడీలు రాకముందు వాటి వెనక సన్నటి ట్యూబులుండేవి, వాటిలో పాదరసం ఉంటుంది.

పాత ఫోన్లు పూర్తి ఫోన్లుగా ఉంటే, బోర్డుతో సహా, ఊరూపేరూ తెలియని వాళ్లకి అసలు అమ్మకు. 2024 ఆగస్టులో రామగుండం పోలీసులు బిహార్ నుంచి వచ్చిన ముగ్గుర్ని పట్టుకున్నారు, గుర్తుండే ఉంటుంది, దాదాపు 4 వేల పాత ఫోన్లు గోతాల్లో దొరికాయి. ఊళ్లలో తిరిగి ప్లాస్టిక్ సామాన్లు ఇచ్చి పాత ఫోన్లు పోగుచేసి, సైబర్ నేరగాళ్లకి చేరవేస్తున్నారని తేలింది. ఆ బోర్డులు మళ్లీ ఏ ఫోన్‌లో ఎక్కుతాయో, ఎవరి ఖాతా ఖాళీ చేస్తాయో మనకి తెలియదు. కస్టమరు నమ్మి వదిలేసి పోయిన ఫోన్‌లో అతని పెళ్లి ఫొటోలు, బ్యాంకు మెసేజ్‌లు ఉంటాయి. ఆన్ అయ్యేవైతే రీసెట్ కొట్టు. అవనివైతే మెమరీ ఐసీ లేపి చెడగొట్టాకే గోతంలో వెయ్యి, నీకది అయిదు నిమిషాల పని. కొనేటప్పుడు కూడా జాగ్రత్త. మెసేజ్‌లో కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, స్పేస్ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు సంఖ్య) వేసి 14422కి పంపితే ఆ ఫోన్ బ్లాక్ అయిందో లేదో చెప్తుంది.

చివరగా పాప సంగతి, నువ్వు అడక్కపోయినా. నీ టేబుల్ మీదున్న సోల్డర్ తీగ చుట్ట ఒకసారి తిప్పి చూడు. 60/40 అనో 63/37 అనో ఉంటే అందులో మూడో వంతుకు పైగా సీసం. సోల్డరింగ్ ఐరన్ వేడికి సీసం ఆవిరై గాల్లోకి పెద్దగా రాదు. ప్రమాదం చేతులతోనే. తీగ పట్టుకున్న వేళ్లతో పాపకి బిస్కెట్ ఇస్తాం, బుగ్గ పట్టుకుంటాం. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉన్నా ఫరవాలేదనే స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అది ఎముకల్లో చేరి, చదువుకునే వయసులో బుర్ర మీద దెబ్బ తీస్తుంది. సీసం లేని తీగ దొరుకుతుంది, కొంచెం రేటెక్కువ, వేడి కొంచెం ఎక్కువ పెట్టాలి, రెండు రోజుల్లో చెయ్యి అలవాటుపడుతుంది. షాపు చొక్కా షాపులోనే విప్పేసి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వెళ్లు. సోల్డరింగ్ చేసేటప్పుడు వచ్చే ఫ్లక్స్ పొగ పోవడానికి చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను వీధి వైపు పెట్టించు, ఇంటి వైపు కాదు. రెండు గదుల మధ్య తలుపు పని చేసేంతసేపూ మూసే ఉంచు. షాపు తుడిచిన చీపురు ఇంట్లో వాడకండి.

బ్యాటరీల బకెట్ దించావా? దించాక ఒక ఫొటో పంపు. బోర్డులు కొనే అతను వచ్చినప్పుడు ఎక్కడికి పోతాయన్నాడో అది కూడా రాయి. అతను చెప్పిన రీసైక్లరు పేరు జాబితాలో ఉందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.